ఆయన తెలుగు చేయలేకపోయిన మాట

నిన్న మధ్యాహ్నం మనవరాలు టీవీ పెడితే ఏదో పాత బెంగాలీ సినిమా వస్తోంది. మంచం మీద ముసలావిడ, పక్కన తల వంచుకున్న కొడుకు. చూడగానే గుర్తుపట్టి, కట్టెయ్యమన్నాను. "నీకు బెంగాలీ బాగా వచ్చుగా నానమ్మా!" అంది మనవరాలు. ఇప్పుడు వచ్చు. ఆ సినిమా మొదటిసారి చూసిననాడు ఒక్క ముక్క రాదు.

శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి కలకత్తా వచ్చిన కొత్త. మా ఆయనకి కార్పొరేషన్ నీళ్ళ పంపుల దగ్గర పని. భవానీపూర్‌లో మెట్రో కోసం రోడ్డంతా తవ్విపోసిన రోజులు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, బురద మీద వేసిన చెక్కల మీదుగా సినిమా హాలుకి నడిచేవాళ్ళం. తెర మీద మాట పూర్తికాకముందే ఆయన నా చెవిలో తెలుగు చేసేసేవారు. చెవిలో అని ఆయన అనుకునేవారు గానీ, ముందు వరసల వాళ్ళందరికీ వినబడేది. "దాదా, ఆస్తే!" అని ఎవరైనా కసిరితే, నా వైపు తిరిగి, "మెల్లగా మాటాడమంటన్నాడు" అని దాన్ని కూడా తెలుగు చేసేవారు.

ఆయనకి ఒక్కతే చెల్లెలు. గంగ అవతల షాలిమార్ గూడ్సు యార్డులో పనిచేసే బెంగాలీ అబ్బాయిని చేసుకుందని గడప తొక్కనివ్వలేదు. మా అత్తగారు మంచాన పడి కూతురి కోసం కలవరిస్తూంటే, కబురు విని ఆ పిల్ల పరుగున వచ్చింది. ఈయన మెట్ల దగ్గరే ఆపేశారు. లోపలి నుంచి అత్తగారు, "అది వచ్చిందేట్రా?" అని అడిగారు. "రాలేదమ్మా" అన్నారు ఈయన. ఆ సాయంత్రమే అత్తగారు పోయారు. ఇంట్లో ఎవరం మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

అన్నాచెల్లెళ్ళ కథ అని తెలిస్తే ఆ సినిమాకి వెళ్ళేవాళ్ళమే కాదు. మంచం మీది తల్లి ఏదో అడిగింది, కొడుకు ఏదో అన్నాడు. నా చెవిలో తెలుగు వినబడలేదు. "ఏటన్నాడు?" అన్నాను. ఆయన, "ఆడూ రాలేదనే సెప్పేడే" అని, లేచి బయటికి నడిచారు.

వెనకాలే పరుగెత్తాను. ఎర్రజెండాల ఊరేగింపుతో బస్సులన్నీ ఆగిపోయాయి. ఘాటు దాకా నడిచి, లాంచీలో గంగ దాటాం.

ఆడపడుచు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. అన్నని చూసి చేట పక్కన పెట్టింది.

"అమ్మ నిన్నడిగిందే. నువ్ మెట్లకాడున్నావని తెలిసీ, రాలేదని సెప్పీసేను" అన్నారు ఆయన, నిలబడే.

"తెలుసన్నియ్యా. అమ్మ గొంతు నాకినబడింది. ఇక్కడే ఉన్నానమ్మా అని ఓ కేకేస్తే సరిపోయేది. నీకు బయపడి నోరు నొక్కుకున్నాను. నువ్వొచ్చి నాకు సెప్పుకున్నావు. నేనెవులికి సెప్పుకోను?"

ఆయన అక్కడే గుమ్మంలో కూలబడి, పసిపిల్లాడిలా ఏడ్చారు. ఆమె భర్త లోపలి నుంచి స్టూలు తెచ్చి వేసి, "బోషున్, దాదా" అంటూ చెయ్యి పట్టి లేవదీశాడు.

తరవాత ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళం. ఆమె చేపల పులుసు చేసి పెట్టేది. ఉప్పెక్కువైందని ఈయన, తినడం రాదని ఆమె, వేళాకోళాలాడుకునేవారు. తల్లి మాట వస్తే మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయేవారు. కాలం వాళ్ళకి అన్ని ఆదివారాలిచ్చింది గానీ, అత్తగారు అడిగిన ఆ ఒక్క క్షణాన్ని తిరిగివ్వలేకపోయింది.