వెనకాల నిలబడే మా తమ్ముడు

పోయిన వారం పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్‌లోని మా బట్టల కొట్టుకి ఒక జంట వచ్చారు. ఆవిడ చీరలు చూస్తున్నంతసేపూ ఆయన గోడమీది టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ పదో చీర విప్పించేసరికి ఆయనకి విసుగొచ్చింది. ఆ విసుగు ఆవిడ మీద చూపించలేక టీవీ మీద చూపించాడు. "ముందున్నవాళ్ళు గోల్ కొడతారు, గోలీ ఆపుతాడు. మధ్యలో ఈ డిఫెండర్లు దేనికి భయ్యా, ఉత్తినే నిలబడ్డానికా?" అని మావారిని అడిగాడు. మావారు నావైపు చూసి నవ్వారు. మా తమ్ముడు కలకత్తాలో ఏళ్ళ తరబడి ఆ ఉద్యోగమే చేశాడు మరి.

మా నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డునుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి, చేపల వేటతో మమ్మల్ని పెంచాడు. బతు బస్తీలో మెరకమీద రెండు గదుల ఇల్లు, జెట్టీలో ఒక ఇంజను బోటు, ఇదీ మా ఆస్తి. తమ్ముడు నాకంటే ఆరేళ్ళు చిన్న. మనిషి ఏపుగా పెరిగాడు గాని మాట మాత్రం పెగిలేది కాదు. అన్నం కావాలంటే కంచం ముందుకి జరిపేవాడు, చాలంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు. అమ్మ వాడితో మాట్లాడి మాట్లాడి చివరికి తన ప్రశ్నలకి తనే జవాబులు చెప్పుకునేది. పంతొమ్మిదో ఏట వాడి ఆట చూసి కలకత్తాలో పెద్ద క్లబ్బు ఒకటి పిలిచింది. అమ్మ కట్టిచ్చిన ఎండుచేపల మూటతో షిప్పెక్కి, నాలుగో రోజున అక్కడ దిగాడు. ఆ మూట విప్పిన రోజు గదిలోని పంజాబీ కుర్రాడు మంచం వరండాలోకి లాక్కున్నాడట.

డిఫెండర్ల పేర్లు పేపర్లో రావు. వాడిది ఒక్కసారి వచ్చింది, ఫోటోతో సహా. బెంగాలీ పేపరు. అమ్మకి తెలుగే చదవడం రాదు. పక్కింటి బెంగాలీ దీదీ అది చేతిలోకి తీసుకుని చదివి, "నీ కొడుకు గోల్ కొట్టాడట" అంది. అబద్ధమేమీ కాదు. కాకపోతే కొట్టింది తన జట్టు గోల్‌లోకే. ఆ సంగతి వాడు ఫోన్లో నాకొక్కదానికే చెప్పాడు. అమ్మ ఆ ముక్కకి అద్దం కట్టించి, దేవుడి పటాల పక్కన తగిలించింది.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున్న ముందు భూమి ఊగింది. ఆ పటం కిందపడి అద్దం పగిలింది. అమ్మ ఆ పెంకులు ఎత్తుతుండగానే కింద జెట్టీ వైపునుంచి కేకలు వినిపించాయి. నాన్న అప్పుడు బోటు కడుగుతున్నాడు. హార్బరులో నీళ్ళు అడుగంటా వెనక్కి పోయి, ఒక్కసారిగా తిరిగొచ్చి బోట్లన్నిటినీ ఒకదానిమీదికి ఒకటి ఎత్తిపడేశాయి. రెండు బోట్ల మధ్య నాన్న కుడికాలు నలిగిపోయింది. ప్రాణం దక్కింది. బోటు దక్కలేదు. ఫోన్లు పనిచెయ్యలేదు. ఆరు రోజులపాటు తమ్ముడికి మేం ఉన్నామో లేమో తెలియదు.

దొరికిన షిప్పెక్కి వచ్చాడు. వాకిట్లో నన్నూ అమ్మనీ చూసి, లోపల మంచంమీద నాన్నని చూసి, గడపమీద కూలబడి బూట్ల తాళ్ళు విప్పుకోబోయాడు. ముడి ఊడలేదు. నేనే విప్పాను. కొంతసేపటికి అమ్మ పగిలిన పటంలోంచి తీసి బియ్యం డబ్బాలో దాచిన పేపరు ముక్క తెచ్చి చేతిలో పెట్టింది.

వాడు తల వంచుకుని, "అమ్మా, ఇది మంచి కబురు కాదే. మా వోళ్ళమీదే కొట్టేసినాను" అన్నాడు.

"నాకు తెల్దేటి? దీదీ ఆ సాయంత్రమే నిజం చెప్పేసింది."

"మరి గోడకెందుకెట్టినావు?"

"నీ బొమ్మేసింది ఆ పేపరోడొక్కడే కదరా."

అన్ని రోజుల తర్వాత మా ఇంట్లో నలుగురం నవ్వాం.

రెండు నెలలకి క్లబ్బు మేనేజరు ఫోన్ చేశాడు. వచ్చే షిప్పుకి రాకపోతే నీ జాగా వేరేవాడికి ఇచ్చేస్తామన్నాడు. నాన్న అప్పటికి ఇంకా గోడ పట్టుకునే నడుస్తున్నాడు. ఆ షిప్పు వెళ్ళిన రోజు తమ్ముడు జెట్టీలోనే ఉన్నాడు, ఇంకొకరి బోటుకి చెక్కలు మోస్తూ. సైరను మోగినా తలెత్తలేదని పక్కనున్నవాళ్ళు చెప్పారు. ఏడాదంతా వేరేవాళ్ళ బోట్లలో వేటకి వెళ్ళాడు, నాన్నని భుజం మీద ఆనించుకుని నడిపించాడు. సాయంత్రాలు ఖాళీ గ్రౌండులో ఒంటరిగా పరిగెత్తేవాడు. ఆ పరుగు చూసి ఒకరోజు నాన్నే అటకమీదనుంచి వాడి బూట్ల సంచి దింపాడు. "నాను నడుస్తన్నాను. ఇంక నీ కాళ్ళు సూసుకో, ఎల్లు" అన్నాడు.

పాత క్లబ్బు తీసుకోలేదు. కింది డివిజన్లో చిన్న జట్టు ఒకటి తీసుకుంది. చివరిదాకా దాంట్లోనే ఆడాడు. సరుకు కొనడానికి మావారితో కలకత్తా వెళ్ళినప్పుడు ఒక మ్యాచి చూశాను. మెట్లమీద ఓ యాభైమంది ఉంటారేమో, సగంమంది పల్లీలు తింటున్నారు. నాకు ఆట అర్థం కాలేదు. కాని గ్రౌండులో ఎవరో ఆగకుండా అరుస్తున్నారు: "పీఛే ఆ! బాయే దేఖ్! ఛోడ్, మేరా హై!" వెనక్కి రా, ఎడమవైపు చూడు, వదిలెయ్, అది నాది అని. ఎవరా ఈ గొంతు చించుకునేవాడు అని చూస్తే, మా తమ్ముడు. ఇంట్లో అన్నం అడగనివాడు అక్కడ పదిమందికీ దారి చెబుతున్నాడు. వాళ్ళు వింటున్నారు కూడా. అప్పటికి వాడికి ముప్పై దాటాయి. వాడి గొంతు ఇలా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. మావారు పల్లీల పొట్లం ఇస్తే తీసుకుని, కళ్ళు తుడుచుకోవడం కనబడకుండా తల అటు తిప్పుకున్నాను.

మరుసటి ఏడు మోకాలు పోయింది. ఆపరేషను అయ్యాక డాక్టరు ఇక ఆట వద్దన్నాడు. ముప్పై రెండేళ్ళకే ముసలివాడై ఇంటికొచ్చాడు. నాన్న డెబ్బై దగ్గరపడినా కుంటుకుంటూ ఇంకా వేటకి వెళుతున్నాడు. తమ్ముడు ఇప్పుడు పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. ఎన్నేళ్ళు ఆడావని ఎవరైనా అడిగితే పదమూడు అంటాడు. నా లెక్కకి పన్నెండే. ఒకసారి ఉండబట్టలేక, "ఆ సునామీ ఏడు నువ్వు ఆడలేదు కదరా" అన్నాను.

"ఆడకపోడమేటప్పా?" అని వాడు వింతగా నావంక చూశాడు.

ఆ ఏడంతా వాడు మా వెనకాల నిలబడ్డాడు, వాడి లెక్కలో అదీ ఆటే. ఏ ఏడు తనకి దక్కిందో, ఏది పోయిందో అప్పటికప్పుడు ఎవరు చెప్పగలరు? అది తెలియడానికి కూడా కొన్నేళ్ళు బతకాలి కాబోలు.