అల్లుడుగారి లెఫ్ట్ కార్నరు

ఆ రోజుల్లో భారతదేశపు కబడ్డీ జట్టును మా ఊరి టీ కొట్టు బెంచీ మీద రోజూ పొద్దున్న ఆరున్నరకి ఎంపిక చేసేవారు. ఢిల్లీలో జరగబోయే ఆసియా ఆటల్లో కబడ్డీని కూడా ఆడి చూపిస్తారని ఎవరో పేపర్లో చదివిన దగ్గర్నుంచి దేశం బరువంతా మా ఊరి మీద పడింది. బొంబాయి కుర్రాడు కూతకి బాగుంటాడని ఒకరు, వాడికి మోకాలు బాగోలేదని ఇంకొకరు, వాడి మోకాలు నువ్వెప్పుడు చూశావని మూడోవారు. ఏడుగురిలో ఐదుగుర్ని మార్చి, కెప్టెన్ని ఊడబీకి, గ్లాసులు బెంచీ కింద పెట్టి పొలాలకి వెళ్ళిపోయేవారు. ఢిల్లీ వాళ్ళకి ఇదేమీ తెలియకపోవడం వాళ్ళ అదృష్టం.

ఆ ఎంపిక వల్ల ఎవరికీ నష్టం లేదు. నష్టం మా ఊరి జట్టును ఎంపిక చేసినప్పుడు జరిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నోరు చేదవుతుంది.

అమలాపురంలో టోర్నమెంటు. అక్కడ బాగా ఆడినవాళ్ళని రాష్ట్ర జట్టుకి చూస్తారు. రైల్వే వాళ్ళ తరఫున కూడా ఒకాయన వస్తాడు, నచ్చినవాడికి ఉద్యోగం ఇస్తాడు. ఈ కబురు తెచ్చింది మా డ్రిల్లు మాస్టారు. తెచ్చి మొట్టమొదట చెప్పింది మా బావకి.

వరసకి బావ. మా పేటలో మాకు రెండిళ్ళ అవతల ఉండేవాడు. మా నాన్న బడిపంతులు కాబట్టి నేను అమలాపురం కాలేజీకి వెళ్ళాను, వాళ్ళ నాన్న కాదు కాబట్టి అతను కొబ్బరి వలుపుకి వెళ్ళాడు. భూమిలో పాతిన గునపం మొన మీదకి కాయ దించి, ఒక్క మెలి తిప్పి, మూడు పోట్లలో పీచు ఊడదీసేవాడు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు వాలేదాకా అదే పని. ఆ మణికట్లతోనే కబడ్డీలో ఎడమ మూల నిలబడేవాడు. లెఫ్ట్ కార్నరు అంటే అదే. ఎదుటివాడు కూత పెట్టుకుంటూ వచ్చి అటువైపు కాలు చాపాడంటే ఆ కాలు ఇక వాడిది కాదు.

ఆ మూల తప్ప ఇంకెక్కడా అతను పనికిరాడు. కూతకి పంపితే, అవతలి వాళ్ళని ముట్టుకుంటే ఏమనుకుంటారోనని గీత దగ్గరే తిరిగి వచ్చేసే రకం.

"ఇరవై అయిదు దాటితే రైల్వే వాళ్ళు మొహం చూడరొరే. నీకిదే ఆఖరు" అన్నారు మాస్టారు. మా బావకి ఇరవై నాలుగు నిండాయి. ఆ వారమంతా కాయలు వలుస్తూనే, పక్కన ఎవడు నడుస్తున్నా వాడి మడమలు చూసేవాడు.

జట్టు పేర్లు ఖాయం చేసే మీటింగు ప్రెసిడెంటుగారి అరుగు మీద జరిగింది. జట్టుకి బనీన్లు కుట్టించేది ఆయనే, వ్యాను మాట్లాడేదీ ఆయనే, కాబట్టి కబడ్డీ తెలిసిందీ ఆయనకే. ఇంగ్లీషులో దరఖాస్తు రాయగలనని నన్ను సెక్రటరీని చేశారు. నా చేతిలో పెన్నూ, ఒక రూళ్ళ కాయితమూ ఉన్నాయి. అమలాపురంలో ఆ కాయితం ఇచ్చాక ఏ పొజిషనులో ఎవరన్నది మారదు, ఒకణ్ణి బయట కూర్చోబెట్టి వాడి చోట అదనపువాణ్ణి దించడం తప్ప.

ఆయన పక్కన కుర్చీలో కొత్త అల్లుడుగారు. మూడు నిద్దర్లకని వచ్చి మూడు వారాలైంది. అత్తారు ఆయనకి పట్టుబట్టలు పెట్టారు, ఉంగరం పెట్టారు, స్కూటరు కొన్నారు. ఇంక పెట్టడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు.

"మాస్టారూ, మా అల్లుడుగారు కాలేజీలో కబడ్డీ ఆడేరటండీ. నిన్న భోజనాల దగ్గర బయటపడింది."

"ఆయ్, చూస్తేనే తెలుస్తుందండి. ఆ భుజాలూ అవీ" అన్నారు మాస్టారు.

నేను లాల్చీలో ఆ భుజాల కోసం వెతికాను. కనపళ్ళేదు.

"అబ్బెబ్బే, ఏదో సరదాకండి. నన్నొదిలెయ్యండి మావయ్యగారూ" అన్నారు అల్లుడుగారు.

"చూసేరా వినయం!"

మా వైపు వద్దన్న మాటకి వద్దు అని అర్థం లేదు. పప్పు వద్దని చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే నెయ్యి పడుతుంది. అల్లుడు ఎంత వద్దంటే ఆట అంత వడ్డించారు. చివరికి ఆయన మొహం మూడో లడ్డూ దగ్గర పెళ్ళివారి మొహంలా అయిపోయింది.

ఇక పొజిషను మీద చర్చ. "కూతకి పంపితే నలుగురూ మీద పడతారండి, దెబ్బ తగుల్తుంది. నడిమధ్యలో అయితే తొక్కిసలాట. మూలైతే ప్రశాంతంగా ఉంటుందండి" అన్నారు మాస్టారు. ఆయన మాస్టారు. ఆయనకి తెలుసు. తెలిసే అన్నారు.

"ఏ మూల?"

"ఎడమ మూలండి. ఆడవాళ్ళ కుర్చీలు అటే వేస్తారు. అమ్మాయిగారికి బాగా కనపడతారు."

మెట్టు కింద నిలబడ్డ మా బావ వైపు తిరిగారు ప్రెసిడెంటుగారు. అప్పటిదాకా వాళ్ళ తోటలో కాయలు వలిచినన్నాళ్ళూ అతన్ని "ఒరే" అనే పిలిచారు. ఆ రోజు మాత్రం, "ఏవండీ, మీకేం అభ్యంతరం లేదు కదండీ? మిమ్మల్ని అదనపు ఆటగాళ్ళలో వేస్తాం" అన్నారు.

మా బావ తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆయ్, నాకేం పర్లేదండి" అన్నాడు.

రెండు అండీలు ఇచ్చి ఒక మూల పుచ్చుకున్నారు. ఎవరైనా ఒక్క మాటంటే ఆగేది. ఆ మాట అనడానికి నోరున్నవాణ్ణి నేనొక్కణ్ణే. "అల్లుడుగారికి ఆ మూల పీట కూడా వేయిద్దామాండీ?" అన్నాను. అందరూ నవ్వారు. ప్రెసిడెంటుగారు అందరికంటే ఎక్కువ నవ్వారు. గొడవ గొడవ కాకుండానే తేలిపోయింది. నేను పేరు రాశాను.

అమలాపురంలో మా మీద సఖినేటిపల్లి జట్టు పడింది. పడవల మీద బతికే కుర్రాళ్ళు. వాళ్ళలో సన్నటివాడు ఒకడు కూత పెట్టుకుంటూ నేరుగా ఎడమ మూలకే వచ్చాడు. అల్లుడుగారు పక్కకి జరిగి దారిచ్చారు. సందులో ఎదురుపడ్డ పెద్దమనిషికి ఇచ్చినట్టు. ఆ కుర్రాడు వీపు మీద ఒక చరుపు చరిచి వెళ్ళాడు, ఈయన ఔటు. మావాళ్ళు చచ్చీ చెడీ ఒకణ్ణి పట్టుకుని ఆయన్ని మళ్ళీ లోపలికి తెచ్చుకునేవారు. మరుక్షణం ఆయన మళ్ళీ దారిచ్చేవారు.

మా బావ తాడు బయట గొంతుక్కూచుని ఉన్నాడు. కూత వచ్చినప్పుడల్లా అతని చేతులు వాటంతటవే ముందుకి లేచేవి. పట్టుకోడానికి గడ్డి తప్ప ఏమీ లేదు.

హాఫ్ టైములో మాస్టారికి ధైర్యం వచ్చింది. "ఓ అయిదు నిమిషాలు ఆ వలుపు కుర్రాణ్ణి దించుదామాండీ?"

"అత్తగారు చూస్తుండగా అల్లుణ్ణి బయట కూర్చోబెట్టమంటారా మాస్టారూ?"

"ఆయ్, అదీ నిజవేనండి."

రెండు నిమిషాలు. ఆ ధైర్యం వయసు అంతే.

అప్పుడే రైల్వే ఆయన పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "మీ లెఫ్ట్ కార్నరు మంచి పట్టున్న మనిషని విన్నాం. ఇతనేనా?" అని అల్లుడుగారి వైపు చూసి అడిగాడు. నేను వేలెత్తి చూపించడానికి మా బావ ఆరడుగుల దూరంలోనే ఉన్నాడు. ప్రెసిడెంటుగారు నాలుగడుగుల దూరంలో ఉన్నారు.

"లెఫ్ట్ కార్నరు ఇవాళ సెలవు పెట్టేడండి" అన్నాను.

ఆయన నవ్వి, పుస్తకం మూసి, సోడా తాగడానికి వెళ్ళిపోయాడు. సాయంత్రం సఖినేటిపల్లి సన్నటివాడి పేరు రాసుకున్నాడు.

ఓడిపోయి వచ్చాక అల్లుడుగారి మడమ బెణికిందని తేలింది. బెణుకు తియ్యడానికి మంచి చెయ్యి ఎవరిదంటే ఊరంతా ఒకటే పేరు చెప్పింది. నేనూ వెంట వెళ్ళాను. మా బావ నేల మీద కూచుని, ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని, గోరువెచ్చటి కొబ్బరినూనె రాశాడు. గదిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేకుండా చూసి అల్లుడుగారు గొంతు తగ్గించి, "నేను కాలేజీలో స్కోరు బోర్డు రాసేవాణ్ణండి. మావయ్యగారు అంత సంబరపడుతుంటే కాదనలేకపోయేను" అన్నారు.

"పర్లేదండి. కాస్త వదులుగా పెట్టండి కాలు" అన్నాడు మా బావ.

నాకు అల్లుడి మీద కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త ఎదురు మనిషి ఉండాలి. అందరూ మర్యాదస్థులే. చెడ్డమాట ఒక్కటి దొర్లలేదు.

టోర్నమెంటు వాళ్ళు బరిలో దిగిన ఏడుగురికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. సెక్రటరీ అని నాకూ ఒకటి ఇచ్చారు. మా బావకి లేదు. మూడేళ్ళ తర్వాత బ్యాంకు ఇంటర్వ్యూలో నేను ఆ కాయితం కూడా పెట్టాను. వాళ్ళు దాన్ని తిరగేసి ముచ్చటపడ్డారు. ఉద్యోగం వచ్చింది.

ఆ కబురు చెప్పడానికి వెళితే మా బావ కాయల రాశి పక్కన పనిలో ఉన్నాడు.

"ఏమడిగేర్రా?"

"కబడ్డీలో ఎక్కడ ఆడేవని అడిగేరు బావా."

"నువ్వేం చెప్పేవు?"

దాచి లాభం లేదు. "లెఫ్ట్ కార్నరని చెప్పేను."

చేతిలో కాయని గునపం మీదకి దించి, పీచు మూడు పాయలుగా ఊడదీసి, కాయ అటు, పీచు ఇటు పడేశాడు. ఇంకోటి తీసుకున్నాడు.

"కూతవాడు నీ వైపు వస్తుంటే నీ ఏ కాలు ముందుండాలో అడగలేదా?"

"లేదు."

"అడిగితే?"

తెలీదన్నాను. మా బావ చెప్పలేదు.