కెప్టెన్ తిన్న సంగటి

ఉదయగిరిలో రామనారాయణ కోపం తెలియనివాళ్లు లేరు. అది ఊరికే వచ్చే కోపం కాదు, అన్యాయం కంటబడితేనే వచ్చేది. ఆయనకేమో ఎటు చూసినా అన్యాయమే కంటబడేది. పొలం గట్ల తగాదాలన్నీ ఆయన అరుగు మీదే తీరేవి. సాక్షి నిన్న ఒక మాట, ఈరోజు ఒక మాట చెప్పాడంటే, సొంత బావమరిది అయినా సరే లేచి పొమ్మనేవాడు.

అలాంటి మనిషి అరవై దాటాక ఒక టీవీ సీరియల్ మాయలో పడ్డాడు. నీళ్లున్న గ్రహాన్ని వెతుక్కుంటూ అంతరిక్ష నౌకలో పోయే జనం కథ అది. బోర్లు వేయించి వేయించి విసిగిన మెట్ట రైతుకు ఆ వెతుకులాట వింతగా ఏమీ అనిపించలేదు. నౌక నడిపే కెప్టెన్‌ను సొంత కొడుకులా చూసుకున్నాడు. సరిగ్గా నౌకకు మంటలంటుకున్న రోజున చానల్ వాళ్లు సీరియల్ ఆపేశారు. చూసేవాళ్లు లేరట. గిరాకీ లేదని మనిషిని మంటల్లో వదిలేసి పోతారా, వీళ్లసలు మనుషులేనా అని ఇంటికొచ్చిన ప్రతివాడి ముందూ చిందులు తొక్కాడు.

కలిగిరిలో టీచరుగా పనిచేసే తమ్ముడి కూతురు నిరోష ఆ బాధ చూడలేక, ఆ సీరియల్ ఆధారంగా రాసిన నవల తెచ్చిచ్చింది. అందులో కథ చివరిదాకా ఉంది. రామనారాయణ పుస్తకాన్ని కళ్లకద్దుకున్నాడు. కెప్టెన్ చిన్నతనం, నౌకలో పైరుకు నీళ్లు పెట్టే పద్ధతి, ఇలా టీవీలో చూపించని సంగతులెన్నో ఉన్నాయి. అన్నం చల్లారిపోతున్నా లేచేవాడు కాదు. సగం చదివేసరికి అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. ఆత్మకూరు ఆసుపత్రిలో శుక్లం ముదిరిందని ఆపరేషన్ చేసి, నల్లద్దాలు పెట్టి, కొన్నాళ్లు పుస్తకం ముట్టొద్దని చెప్పి పంపించారు. ఇంత మంచి చోట ఆపుతారా అని ఆ డాక్టరు మీదా మండిపడ్డాడు.

ఆయన గోల పడలేక భార్య సుబ్బరత్నమ్మ తానే చదువుతానంది. మధ్యాహ్నం పూట వసారాలో కూర్చుని రోజూ కొంత చదివేది. ఆయన మంచం మీద పడుకుని ఊ కొట్టేవాడు. చివరికి కెప్టెన్ మంటల్లోంచి బయటపడి, ఇల్లు చేరి, తల్లి పెట్టిన రాగిసంగటి చింతకాయ పచ్చడితో కడుపునిండా తిన్నాడు. రామనారాయణ ఆనందం అంతా ఇంతా కాదు. రాసినవాడెవడో మన పక్క మనిషేనని మురిసిపోయాడు.

ఆదివారం నిరోష పెదనాన్నను చూసిపోదామని వచ్చింది. ఆయన సంబరంగా సంగటి ముచ్చటంతా చెప్పాడు. నిరోష అయోమయంగా చూసింది.

"కెప్టెన్ మంటల్లోనే చచ్చిపోయినాడు గదా పెదనాయనా," అంది.

రామనారాయణ మంచం మీద లేచి కూర్చుని భార్యను పిలిచాడు. 

"ఒకడు రాసిన మాట మార్చే దానికి నీకేం హక్కుండాది? ఊరందరి సాక్ష్యాలు సరిచూసినోణ్ణి నేను. నా ఇంట్లోనే దొంగసాక్ష్యమా?"

సుబ్బరత్నమ్మ తలొంచుకోలేదు.

"ఏడిస్తే కన్ను చెడతాదని డాక్టరు చెప్పినాడయ్యా. టీవీలో మంటలంటుకున్ననాడే నువ్వు వెక్కి వెక్కి ఏడ్చినావు. ఇంక చచ్చిపోయినాడని ఎట్ల చదివేది?"

 అయినా రామనారాయణ కోపం చల్లారలేదు. ఆమెతో మాట్లాడటం మానేశాడు. కాఫీ కావాలంటే గోడకు చెప్పేవాడు.

నల్లద్దాలు తీయొచ్చని డాక్టరు చెప్పిన రోజునే చివరి అధ్యాయం తానే చదువుకున్నాడు. అందరినీ చిన్న నౌకల్లోకి ఎక్కించి, కెప్టెన్ ఒక్కడే వెనక ఉండిపోయాడు. రామనారాయణ కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత అసలు కోపం వచ్చింది. ఈసారి భార్య మీద కాదు.

"అంతమందిని బతికించినోణ్ణి చంపే దానికి ఆ రాసినోడికి చేతులెట్ల వచ్చినాయే?" అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అదే.

పుస్తకం తెచ్చి సుబ్బరత్నమ్మ ఒళ్లో పెట్టాడు. మంచం మీద వాలి కళ్లు మూసుకున్నాడు.

"ఆ సంగటి కాడి నుంచి చదువు."

ఆమె చివరి పేజీ తెరిచి, దాని వంక చూడకుండానే మొదలుపెట్టింది.