టీచరు గారి ఇంటిపేరు

మా ఇంగ్లీషు టీచరు గారు పోయారు. వన్‌టౌన్‌లో కరపత్రాలు పంచుతుంటే ఫోనొచ్చింది. చేతిలో మిగిలిన కాగితాలు ఎవరికిచ్చానో గుర్తులేదు. గుణదలలో వాళ్ళింటికి వెళ్ళేసరికి వరండా నిండా చెప్పులు. వాటిలో సగం, ఒకప్పుడు అక్కడే చాప మీద కూర్చుని టెన్సులు అప్పజెప్పినవాళ్ళవే. నెల కావస్తోంది. నాకింకా కుదురు లేదు. రాయకపోతే ఎవరో ఒకరితో దెబ్బలాడేట్టున్నాను.

ఆమె ఇంటిపేరు ఎస్పొజిటో. అచ్చంగా కృష్ణా జిల్లా మనిషి, ఇంటిపేరు మాత్రం ఇటలీది. కొత్త బ్యాచ్ మొదలైన రోజు పాఠం చెప్పేవారు కాదు. బోర్డు మీద తన పేరు మొత్తం రాసి, “దీనికర్థం చెప్పండర్రా” అనేవారు. ఎవరికీ తెలిసేది కాదు. ఇటలీలో వెనకటికి కన్నవాళ్ళు వదిలేసిన పసిపిల్లలకు పెట్టిన పేరది. బయట ఉంచిన బిడ్డ అని అర్థం. వాళ్ళ తాతను దివిసీమలో ఓ చర్చి మెట్ల మీద ఎవరో వదిలి వెళ్ళారట. అక్కడుండే ఇటలీ ఫాదరు తన దేశపు అలవాటు కొద్దీ ఆ పేరు పెట్టాడు. ఫాదరుకి వండిపెట్టే ఆవిడ బిడ్డను పెంచుకుంది.

“బయట పెట్టారన్న సంగతి పేరులో ఉంది. లోపలికి తీసుకున్నారన్నది లేదు. అది మనమే నోటితో చెప్పాలి” అనేవారు.

వలస వెళ్ళినవాళ్ళతో ఆ పేరు ఇంగ్లీషులోకి వెళ్ళిందట. అమెరికాలో నడుమ సాగదీసి ‘ఎస్పొసీటో’ అంటారట. డాక్టర్లకీ ఉంటుంది, ప్లంబర్లకీ ఉంటుంది, అర్థం మాత్రం ఎవరూ అడగరు. “అర్థం అరిగిపోవడం కంటే పేరుకి అదృష్టమేముందిరా!” అని నవ్వేవారు.

ఇక్కడ అరగదు. ఓసారి ఆమెతో బెంజి సర్కిల్‌కి ఆటోలో వెళ్తున్నాను. ఆమె ఫోన్లో ఎవరికో పేరు చెబుతుంటే డ్రైవరు చెవి ఇటే వేశాడు.

“అంటే మీరెవరండీ?”

“నీ ఆటో ఎక్కినవాళ్ళం బాబూ. ముందు చూసి నడుపు.”

ఆ ప్రశ్న అంటే నాకు ఒళ్ళు మంట. పేరు వినగానే మనిషిని ఏ గడిలో పెట్టాలా అని వెతుకుతారు. అందుకే నా ఇంటిపేరు రాయడం మానేశాను. ఆ సంగతి ఆమెకు గొప్పగా చెప్పాను.

“ఏరా కామ్రేడూ, తీసేస్తే అడిగేవాడు ఆగాడా?”

“రెండో ప్రశ్న వేస్తున్నారండీ. ఏ ఊరు, ఎవరబ్బాయివి అని.”

“మూడోదీ వేస్తార్లే.”

“మీకు కోపం రాదాండీ?”

“ఎందుకు రాదూ! వచ్చినప్పుడు అల్లం టీ పెట్టుకుంటా. నువ్వు పోస్టరేసుకుంటావు. టీ అయితే తాగొచ్చు.”

టీ నాకూ పోసేవారు. కోపం తగ్గేది కాదు గానీ, తాగినంతసేపూ నోరు మూసుకునేవాణ్ణి.

మొన్న ఆమె తమ్ముడు గారు పిలిచారు, సమాధి రాయి మీద ఇంగ్లీషు అక్షరాలు సరిచూడమని. ఏలూరు రోడ్డు పక్కన రాళ్ళు చెక్కే షాపు. నల్లపలక మీద పెన్సిల్‌తో రాసి ఉంది. ఆమె పేరు, కింద టీచర్ అని. అంతే.

“అంకుల్, ఇంటిపేరేదండీ?”

“వద్దులే బాబూ.” ఆయన షాపు గుమ్మం దగ్గర నిలబడ్డ తన కూతురి వైపు చూసి గొంతు తగ్గించారు. “అమ్మాయికి సంబంధం ఖాయమయ్యేట్టుంది. వాళ్ళు మన ఇంటిపేరు ఫోన్లో కొట్టి చూశారంట. ‘దిక్కులేని పిల్లలకి పెట్టే పేరంట గదా, అసలు మీ మూలమేంటండీ’ అన్నారు. వచ్చే ఆదివారం చర్చిలో అక్క పేరున పెట్టించిన పూజకి వస్తున్నారు. రాయి మీద కూడా అదే చదవాలా?”

“మీ అక్కగారు ప్రతి బ్యాచ్‌కీ బోర్డు మీద రాసిన పేరండీ అది! వాళ్ళకి భయపడి చెరిపేస్తారా?”

“నువ్వు అరిచి వెళ్ళిపోతావు బాబూ. రేపు సంబంధం తప్పితే పిల్ల మొహం చూడాల్సింది నేను.”

 నేను పంచే కరపత్రాల్లో పిల్ల మొహం ప్రస్తావన ఉండదు.

“డాడీ” అంది ఆ అమ్మాయి. “అది నా పేరు కూడా. అత్తకి తీసేస్తే నాకూ తీసెయ్యి.”

ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళింది. బస్సుల హోరులో మాట వినపడలేదు. ఎండలో అటూ ఇటూ నడుస్తూ చాలాసేపు మాట్లాడింది. తిరిగొచ్చాక, ఆ సంబంధంవాళ్ళు ఏమన్నారో చెప్పలేదు. మొహం మాత్రం కందిపోయి ఉంది.

“మొత్తం పేరు చెక్కండి” అంది చెక్కేవాడితో.

అతను తమ్ముడు గారి వైపు చూశాడు. ఆయన పెన్సిల్ అందుకుని పలక ముందు గొంతుక్కూర్చున్నారు. ఇంటిపేరు తనే రాశారు. “సరిగ్గా ఉందా చూడు” అన్నారు నాతో. సరిగ్గానే ఉంది.

ఆ సంబంధం ఏమవుతుందో ఇవాళ్టికీ తెలియదు. అది తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. కానీ కళ్ళు మూస్తే ఆ షాపే కనిపిస్తోంది. మిషను ఒక్కో అక్షరం కోసి ఆగుతోంది. అది ఆగినప్పుడల్లా ఆయన రాయి మీదికి వంగి, చంటిపిల్లకు వేడి పాలు చల్లార్చేవాళ్ళలా, అక్షరంలోని తెల్లటి పొడిని మెల్లగా ఊదుతున్నారు.