ఖాళీ గంప

నా చిన్నప్పుడు ఆర్మూర్‌లో మా వాడ మొత్తానికి పసుపు విత్తనం పక్కింటి నుంచే వచ్చేది. మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు ముందు ఆడవాళ్లు గంపలు పట్టుకుని వెళ్లేవారు. పసుపు అడిగిన ఆడమనిషిని ఖాళీ గంపతో తిప్పి పంపితే ఆ ఇంటికి అరిష్టమని అనుకునేవాళ్లం. మాకు పెదనాన్న వరసయ్యే ఆ ఇంటాయన ఎవరికీ లేదనేవాడు కాదు. ఆయన పరువంతా ఆ విత్తనపు కుప్పలోనే ఉండేది.

ఆయన కూతుర్ని అక్కా అని పిలిచేదాన్ని. సర్కారు యూనివర్సిటీలో మొక్కలు, నేల, నీళ్ల గురించి చదువుతుండేది. చదివింది ఊరికి పనికిరావాలని, సెలవుల్లో ఎవరి ఊరి చేలు వాళ్లను చూసి రమ్మని పంపేవారట. మా వాడ ఆడపిల్లల్లో అంత చదువు చదివింది తనొక్కతే. నాకు అక్కంటే ప్రాణం.

ఆ ఎండాకాలం నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని విత్తనానికి వెళ్లింది. పెదనాన్న గంప నింపబోతుంటే అక్క వచ్చి అడ్డంగా నిలబడింది. కుప్పలోంచి ఒక దుంప తీసి విరిచింది. పచ్చగా మెరవాల్సిన లోపలి భాగం నల్లబడి, మెత్తబడి, కంపు కొట్టింది. ఇంకొకటి విరిచింది. అదీ అంతే.

“అవ్వా, గీ విత్తనం కొంచవోకు. గిది పెడ్తే నీ చేన్ల గూడ కుళ్లు వడ్తది,” అంది.

వాకిట్లో ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్లున్నారు. పెదనాన్నకు తల కొట్టేసినట్టయింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. “నాలుగక్షరాలు రాంగనే ఇంటి పరువు తీస్తవా? సదివింది సాలు. ఇగ చేన్కు వో,” అని అందరి ముందూ అరిచాడు. నాయనమ్మ ఇంటికొచ్చి గంపను మూలకు విసిరేసింది. ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు అక్క మీద కోపం వచ్చింది. ఆమె చదువు నిజంగానే ఆగిపోతుందేమోనని భయమూ వేసింది.

మర్నాడు పొద్దున నాయనమ్మ అదే గంప చంకన పెట్టుకుని మళ్లీ పక్కింటికి బయల్దేరింది. కొట్లాటకే అనుకున్నాను. ఆమె మాత్రం గంప పెదనాన్న ముందు దించి, అరుగు మీద కూర్చుంది.

“కొడుకా, నిన్న నాకు మస్తు కోపమొచ్చింది. మల్ల సోంచాయించిన. గీ గంప నిండుంటే నా చేనే పోతుండె. పిల్ల సదువు బంద్ వెడితే రేపు మాకు గిట్ల చెప్పెటోళ్లెవరు?”

నాయనమ్మ లేవలేదు. ఎండ అరుగు మీదికి వచ్చేదాకా అలాగే కూర్చుంది. చివరికి ఆయనే లోపలికి కేకేసి చాయ్ పెట్టమన్నాడు. ఆ యేడు మేం అంకాపూర్ చుట్టాల దగ్గర విత్తనం తెచ్చుకున్నాం. సెలవులయ్యాక అక్కను బస్సెక్కించడానికి పెదనాన్నే వెళ్లాడు, ముఖం ముడుచుకునే అనుకోండి.

అక్క చదివిన చదువే నేనూ చదివాను. పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ యూనివర్సిటీ పిల్లలతో మాక్లూర్ వైపు ఊళ్లకు వెళ్తుంటాను. ఈ నేలకు మందులెక్కువయ్యాయి, ఈ బోరు నీళ్లు తాగొద్దు అంటే వినేవాళ్లు తక్కువ, ముఖం తిప్పుకునేవాళ్లు ఎక్కువ. మోకాళ్లు సహకరించవు. ఇంక చాలు, ఎవరి ఖర్మ వాళ్లది అని కూడా అనిపిస్తుంది.

మొన్న ఒక విద్యార్థిని ఫోన్ చేసి ఏడ్చింది. తమ సొంత వాటర్ ప్లాంటు నీళ్లే బాగాలేవని వాడలో చెప్పినందుకు వాళ్ల నాన్న చదువు మానిపిస్తానన్నాడట. అక్కలా అడ్డం నిలబడే సత్తువ ఇప్పుడు నాలో లేదు. నాయనమ్మలా వెళ్లి కూర్చోవడం మాత్రం వచ్చు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. పిల్ల చదువు ఆపొద్దని ఆయనకు చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పి అరుగు మీద కూర్చున్నాను. ఎండ కాళ్ల మీదికి వచ్చింది. ఆయన నీళ్ల క్యాన్లు నింపుకుంటూనే ఉన్నాడు. నేనూ లేవలేదు.