డెబ్బై శాతం పోలిక

ఆ రోజుల్లో అమీర్‌పేటకు వచ్చినవాళ్లెవరూ ఒక్క కోర్సుతో సరిపెట్టుకునేవాళ్లు కాదు. నేనూ రెండు నేర్చుకున్నాను. ఒకటి నాన్న ఫీజు కట్టి చేర్పించినది, అందులో నేను అంతంతమాత్రం. రెండోది ఎవరూ నేర్చుకోమని అడక్కపోయినా నేర్చుకున్నది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లన్నీ వెతికి, దించుకుని, వాడి చూసి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచిపెట్టడం. ఈ విద్యలో నన్ను మించినవాళ్లు మధురానగర్ మొత్తంలో లేరని నా గట్టి నమ్మకం. (మిగతావాళ్ల నమ్మకం ఏమిటో నేను కనుక్కోలేదు.) దీనంతటికీ కారణం మా కోచింగ్ సార్. ఫుట్‌పాత్ మీద దొంగ సీడీలు పల్లీల్లా అమ్ముతున్న కాలంలో ఆయన ఒకరోజు క్లాసులో, “కొనలేకపోతే ఉచితంగా ఇచ్చేవి చాలా ఉన్నాయి, అవి వాడుకోండి, దొంగతనం మాత్రం వద్దు” అన్నారు. మిగతావాళ్లు ఆ మాట విని మర్చిపోయారు. నేను మాత్రం దీక్ష పుచ్చుకున్నట్టు మారిపోయాను.

తణుకు నుంచి వచ్చి ఆరు నెలలైనా కాలేదు, హాస్టల్లో నాకు ‘ఫ్రీ పిల్ల’ అని పేరు స్థిరపడింది. ఉద్యోగం దరఖాస్తుకి ఫోటో యాభై కేబీ దాటకూడదంటే నా దగ్గరికే వచ్చేవారు. నాలుగు పీడీఎఫ్‌లు కలిపి ఒకటి చెయ్యాలన్నా, ఒకటి విడగొట్టి నాలుగు చెయ్యాలన్నా నేనే. పంజగుట్టలో జిరాక్సు షాపాయన పాత ఫాంటులో టైపు చేసిన తెలుగు ఉత్తరం ఎక్కడ తెరిచినా చీమలు పాకినట్టు కనబడుతోందంటే, దాన్ని క్షణంలో యూనికోడ్‌లోకి మార్చే వెబ్‌సైటు చూపించాను. ఆయన ఆ రోజు నా పది కాగితాలకి డబ్బులు తీసుకోలేదు. ఆ గౌరవం నా తలకెక్కింది, ఇందులో దాచేదేం లేదు. కంప్యూటరు కనబడితే చాలు, డాక్టరు నాడి పట్టుకున్నట్టు వెళ్లి మౌసు పట్టుకునేదాన్ని.

అలా పట్టుకున్నవాటిలో హాస్టల్ ఆంటీ కంప్యూటరు ఒకటి. ఆంటీ, అంకుల్ కింది అంతస్తులో ఉండేవారు. వాళ్లది సిద్దిపేట వైపు, హైదరాబాదు వచ్చి పాతికేళ్లయింది. ఆంటీ మనిషి పొట్టి, గొంతు మాత్రం మూడో అంతస్తు దాకా వినబడేది. ముందు గదిలోని కంప్యూటర్లో హాస్టల్ అమ్మాయిల వివరాలు, అంకుల్ పేకాట, వాళ్లమ్మాయి పెళ్లి ఫోటోలు ఉండేవి. ఒక బుధవారం మధ్యాహ్నం ఆంటీ నన్ను పిలిచి, “బిడ్డా, గీ కంప్యూటర్ ఊకె ఆగిపోతుంది. అంకుల్ ఒక్కటే గులుగుతుండు. నీకు గివన్నీ తెలుసు కద, జర సూడరాదు” అంది. చూశాను. డిస్కులో సూది మోపేంత జాగా లేదు. “దీనికి మందు నా దగ్గరుందండి, సాయంత్రానికి సగం ఖాళీ చేసిస్తాను” అని మాటిచ్చాను. సగం అని ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

మందంటే, ఒకే ఫోటో రెండు మూడు చోట్ల ఉంటే పట్టుకుని అదనపువాటిని తీసేసే ఉచిత సాఫ్ట్‌వేరు. దాంట్లో ఒక మీట ఉంటుంది. నూరు శాతం అని పెడితే అచ్చంగా ఒకేలా ఉన్న ఫోటోలనే పడుతుంది, తగ్గిస్తే ఇంచుమించు ఒకేలా ఉన్నవాటినీ పడుతుంది. నూరు దగ్గర పెట్టి చూస్తే పద్నాలుగు దొరికాయి. పద్నాలుగు ఫోటోలతో సగం డిస్కు ఎలా ఖాళీ అవుతుంది, నా పరువేం కావాలి? మీట డెబ్బైకి లాగాను. ఈసారి ఆరు వందల పైచిలుకు పడ్డాయి. పైవరుస చూశాను. అదే పూలగోడ, అదే సోఫా, అదే పెళ్లికూతురు, అదే పెళ్లికొడుకు, ఇద్దరి మొహాన అదే నవ్వు. ఫోటోగ్రాఫర్ ఒకే ఫోటోని ఇన్నిసార్లు నొక్కాడేమిటని జాలిపడి, ‘ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్’ అన్నదాని మీద నొక్కాను. చెత్తబుట్టలో వెయ్యనా, పూర్తిగా తీసెయ్యనా అని అడిగింది. చెత్తబుట్టలో ఉంటే జాగా మిగలదు కదా. పూర్తిగా అన్నాను. ఇవి మళ్లీ రావు, నిజంగానేనా అని ఇంకోసారి అడిగింది. ఇంతమంది నమ్మే నన్నే అనుమానిస్తుందా అన్నట్టు చిరాగ్గా అవును అన్నాను. ఆ తర్వాత ఖాళీ అయిన చోటు చూసి ముచ్చటేసి, అంకుల్‌కి పనికొస్తాయని గడియారం, క్యాలెండరు, వాతావరణం చెప్పేది, ఇంకో రెండు రకాల పేకాటలు, అన్నీ ఉచితమైనవే దించి నింపాను.

మన రిసెప్షన్ ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు. జంటని స్టేజీ మీద కదలకుండా నిలబెడతారు. బంధువులు వరసకట్టి ఎక్కుతారు, కానుక చేతిలో పెడతారు, కెమెరా వైపు తిరుగుతారు, దిగిపోతారు. స్టేజీ మారదు, పూలు మారవు, జంట మారదు, పక్కన నిలబడ్డవాళ్లు మాత్రమే మారతారు. పాపం సాఫ్ట్‌వేరుకి అది డెబ్బై శాతం ఒకే ఫోటో. ఆ మిగతా ముప్పై శాతమే ఆంటీ వాళ్ల చుట్టాలందరూ.

గురువారం పొద్దున్న అంకుల్ ఫోటోలు తెరిచారు. నేను అక్కడే టిఫిన్ తింటున్నాను. రిసెప్షన్ ఫోల్డర్‌లో ఒకే ఒక్క ఫోటో మిగిలింది. జంట పక్కన గళ్ల చొక్కా వేసుకున్న ఒకాయన, చేతిలో కానుక కూడా లేకుండా, చక్కగా నవ్వుతూ నిలబడి ఉన్నాడు. అంకుల్ కళ్లజోడు సర్దుకుని చూసి, “ఏమే, గీయనెవలు?” అన్నారు. ఆంటీ వచ్చి చూసింది. “నాకెర్క లేదు. మీ దిక్కోడేమో.” “మా దిక్కు గిట్లాంటోడు ఎవ్వడు లేడు.” (పక్క ఫంక్షన్ హాలుకి పోవాల్సిన మనిషి పొరపాటున వచ్చి భోంచేసి వెళ్లాడని తర్వాత తేలింది. ఆయన ఫోటో అన్నిటికన్నా స్పష్టంగా ఉందని సాఫ్ట్‌వేరు ఆయన్ని ఎంచుకుంది.) “మిగతా ఫోటోలేవి?” అని అంకుల్ అడిగేసరికి నా నోట్లో ఇడ్లీ అక్కడే ఆగిపోయింది.

వైరస్ అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా అని అడిగాను. ఫోటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో అంకుల్ కారు కోసం భక్తి పాటలు నింపుకున్నారు. స్టూడియోకి ఫోన్ చేస్తే, ఆర్నెల్లు దాటితే ఉంచమని ముందే చెప్పామన్నారు. ఆల్బమ్‌లో ఏ ఫోటోలు వెయ్యాలన్న తగవు తెగక, పెళ్లై ఎనిమిది నెలలైనా ఆల్బమే వేయించలేదు. అమ్మాయి ఫోన్లో ఉన్నవన్నీ స్నేహితురాళ్లతో తీసుకున్నవే. ఆంటీ కుర్చీలో కూలబడింది. “ఐతారం అక్క వస్తది, ఫోటోలు ఏరనీకి” అని మెల్లగా అంది. ఆమె గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ అక్కగారి సంగతి హాస్టల్లో అందరికీ తెలుసు. అందరం సిద్దిపేట పెద్దమ్మ అనేవాళ్లం. పెద్దమ్మ తన ఇంటి గృహప్రవేశానికి చెల్లెలికి బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్లో చెప్పి ఊరుకుంది. ‘సొంత చెల్లెను ఫోన్ల పిలుస్తదా’ అని ఆంటీ ఏడేళ్లు మాట్లాడలేదు. కూతురి పెళ్లికి అంకుల్ ఒక్కరే వెళ్లి పిలిస్తే, పెద్దమ్మ రిసెప్షన్‌కి వచ్చి, స్టేజీ ఎక్కి, చెల్లెల్ని కూడా పక్కకి లాక్కుని ఫోటో దిగింది. మాటలు మళ్లీ కలిసింది ఆ ఫోటో దగ్గరే. ఇప్పుడు ఆమె వచ్చి, ‘నా ఫోటో ఏది’ అంటే ఏం చెప్పాలి? కావాలనే తీసేశారని అనుకోదా? “ఇగ ఈ జన్మల మాట్లాడదు” అంది ఆంటీ. తర్వాత లేచి లోపలికి పోయి నాకు టీ తెచ్చింది. “నువ్వెందుకు గట్ల మొకం ఏలేసినవ్ బిడ్డా? నీ తప్పేమున్నది” అంది. ఆ టీ గ్లాసు చేతిలో పెట్టాక ఇంక నా వల్ల కాలేదు. “వైరస్ కాదండి, నేనే” అని ఏడ్చేశాను. ఆంటీ తిట్టలేదు. తిడితే బాగుండేది. “తిరిగి వస్తయా?” అని మాత్రం అడిగింది.

తుడిచేసిన ఫోటోలు వెనక్కి తెచ్చే ఉచిత సాఫ్ట్‌వేరు కూడా ఉంటుందని తెలుసు కాబట్టి, వెంటనే అదే కంప్యూటర్లోకి దించబోయాను. అప్పుడే వచ్చిన మా గది హన్మకొండ అక్క నా చెయ్యి పట్టుకుంది. నాలాగా పదిమందికి చెప్పేది కాదు, పని తెలిసిన మనిషి. “ఆగు. తీసేసిన ఫోటోలు యాడికీ పోలే, అండ్లనే ఉన్నయ్. కొత్తది ఏదన్న పెడితే వాటి మీదనే పోయి కూసుంటది. నిన్న తీసినంక ఏమన్న ఎక్కించినవా?” గడియారం, క్యాలెండరు, వాతావరణం, పేకాటలు అని నేను లెక్క చెబుతుంటే ఆమె కళ్లు మూసుకుంది. “ఇగ ముట్టకు” అంది. ఫ్రీ పిల్లతో ఒకరు ‘ముట్టకు’ అనడం అదే మొదటిసారి. మౌసు వదిలేశాను. కోచింగ్ సార్ దగ్గరికి వెళ్లి, జరిగింది చెప్పి, ఖాళీ హార్డ్ డిస్కు అడిగి తెచ్చాను. వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేరు కూడా దాంట్లోంచే నడిచేట్టు, దొరికినవన్నీ దాంట్లోనే పడేట్టు పెడితే శుక్రవారమంతా తిరిగింది. శనివారానికి ఫోటోలు వచ్చాయి, కానీ పేర్లు లేవు, వరస లేదు. పెళ్లి ఫోటోలు, అంకుల్ ఎప్పుడో తుడిచేసిన ఫోటోలు, వెబ్‌సైట్ల చిల్లర బొమ్మలు కలిసి వేలల్లో ఉన్నాయి. కొన్ని బాగున్నాయి, కొన్ని సగం దాకా వచ్చి కిందంతా బూడిదరంగు.

శనివారమంతా ఆంటీ నా పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూసింది. నాకు ఆరు వందల సార్లు ఒకే ఫోటోగా కనబడ్డవన్నీ ఆమె వేలు పెట్టి చూపిస్తుంటే వేరే వేరే మనుషులయ్యాయి. ఈమె మా మేనత్త, మోకాళ్లు నొస్తున్నా మెట్లెక్కి వచ్చింది. గీయన అంకుల్‌తోని సదువుకున్నడు, ఎంత బీదతనమున్నా పట్టుచీర పెట్టిండు. ఈ పిల్ల మాట్లాడదు, గానీ మస్తు నవ్వుతది. నేను సిగ్గుతో తల వంచుకుని మౌసు నొక్కుతూ ఉన్నాను. పొద్దు వాలే వేళకి పెద్దమ్మ ఫోటో దొరికింది. పైభాగం మెరిసిపోతోంది. పొడుగాటి పెద్దమ్మ మొహం, జంట మొహాలు గడ్డాల దాకా వచ్చాయి. అక్కడినుంచి కిందికి అంతా బూడిదరంగే. ఆంటీ పొట్టి కదా, కొప్పులో మల్లెపూలు తప్ప ఏమీ రాలేదు. అక్కడ నేను దించిన గడియారమే కూర్చుందో, పేకాటే కూర్చుందో. “క్షమించండి ఆంటీ” అన్నాను. ఆమె తెరకి దగ్గరగా జరిగింది. “నేను దినాం అద్దంల కనవడ్త. అక్క మంచిగొచ్చింది కద, సాలు” అంది.

ఆదివారం పెద్దమ్మ రానే వచ్చింది. భోజనాలయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని నేరుగా తన ఫోటో అడిగింది. చూపించాను. “నువ్వేడున్నవే?” అని చెల్లెల్ని అడిగింది. ఆంటీ తెర మీద పూలు చూపించి, “గివే నేను” అంది. ఇంక దాచి లాభం లేదని నేనే ముందుకు వచ్చాను. “తప్పు నాదండి పెద్దమ్మ గారూ. జాగా లేదని చుట్టాలందరినీ తీసేశాను, మిమ్మల్ని కూడా. మూడు రోజులు వెతికి ఇంతే తేగలిగాను.” పెద్దమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. “నువ్వు తీసినవా? నువ్వు మూడు దినాలల్ల తోల్కొచ్చినవ్ బిడ్డా. ఇది నన్ను తీసేసి ఏడేండ్లు తోల్కరాలే” అని చెల్లెలి వైపు చూపు తిప్పింది. ఆంటీ వెళ్లి అక్క కుర్చీ చేతి మీద కూర్చుంది. ఆ ఫోటో గట్లనే, ఆ బూడిదరంగుతోనే, ఆల్బమ్ మొదటి పేజీలో వెయ్యమని పెద్దమ్మ తేల్చేసింది. అలాగే వేశారు.

నేనిప్పుడు బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేరు ఆఫీసులో పని చేస్తున్నాను. ఏదైనా తుడిచేసే ముందు తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చి, నిజంగానేనా అని అడుగుతుంది కదా, అందులో వాక్యాలు రాయడం కూడా నా పనుల్లో ఒకటి. ఎవరూ చదవరని మా వాళ్లంతా నవ్వుతారు, నిజమే. చదవకుండా చిరాగ్గా అవును అని నొక్కే ఒక ఇరవై రెండేళ్ల పిల్ల మాత్రం రాసిన ప్రతిసారీ నాకు ఎదురుగా కూర్చుంటుంది. ఆ పిల్ల మీద కోపం రాదు, నవ్వొస్తుంది. ఇంకో వాక్యం కలిపి, అక్షరాలు కాస్త పెద్దవి చేసి పెడతాను.