లాంచీలో అక్క తమిళం

మా ఇంట్లో అలిగిన మనిషి తమిళంలోకి మారిపోతుంది. మేం తమిళనాడులో స్థిరపడిన తెలుగువాళ్లం కాబట్టి మాకు వీధిలో, బడిలో, సంతలో తమిళమే. గడప దాటి లోపలికి వస్తే తెలుగు. అందుకని ఇంటి మనిషితో తమిళం మాట్లాడటమంటే, నువ్వు నాకు వీధిలో మనిషివి అని మొహం మీద చెప్పడమే. మా నాన్న ఒకసారి అమ్మతో పది రోజులు తమిళంలో మాట్లాడాడట. పదకొండో రోజు అమ్మ వంట మానేసింది. మధ్యాహ్నానికల్లా ఆయనకు తెలుగు వచ్చేసింది.

మా అక్క నాతో మూడేళ్లు తమిళంలో మాట్లాడింది.

అక్కది కోవిల్‌పట్టి, నాది విరుదునగర్. మధ్యలో గంటకు పైగా బస్సు ప్రయాణం. అమ్మ చివరి ఎనిమిది నెలలూ నా దగ్గరే ఉంది. పోయిన రోజు పొద్దుటి నుంచే ఆమెకు బాగాలేదు. నేను అక్కకు ఫోన్ చేసింది సాయంత్రం. అక్క బస్సు దిగి పరుగున వచ్చేసరికి అంతా అయిపోయింది. "అమ్మ నాకోసం ఏమన్నా అడిగెనా?" అంది నా భుజం పట్టుకుని. "లేదక్కా, ఎవర్నీ అడగలే, నిద్రలోనే పొయ్యె" అన్నాను.

అది అబద్ధం. అమ్మ పొద్దుటి నుంచీ అక్క కోసమే అడిగింది. స్నానం చేయించేది నేను, పక్క మార్చేది నేను, ఆమె కలవరించేది మాత్రం అక్కనా అని నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఫోన్ చేయకుండా పొద్దు గడిపాను. ఆ తరువాత నిజం చెప్పడానికి ముఖం చెల్లలేదు. పదహారో రోజు కార్యం ముగిశాక అక్క తమిళంలోకి మారింది. ఆలస్యంగా కబురు చేశానని కోపం అనుకున్నాను. బంధువులూ అదే అనుకున్నారు.

పోయిన ఏడు కృష్ణానది మీద మూడు రోజుల యాత్ర అని ఒక ప్రకటన కనిపించింది. మొదటి రోజు అమరావతి, రెండో రోజు నాగార్జునకొండ, మూడో రోజు సాగర్ నుంచి లాంచీలో శ్రీశైలం. అక్కకు శ్రీశైలం చూడాలని ఎప్పటి నుంచో ఉంది కాబట్టి ఒప్పుకుంటుందని తెలుసు. లాంచీలో పూటంతా కూర్చోవాలి. కోపం వచ్చినా లేచి వెళ్లిపోవడానికి ఉండదు. దాచిన మాట చెప్పడానికి నాకు అలాంటి చోటే కావలసి వచ్చింది. బుద్ధుడి మీద భక్తి కొద్దీ వెళ్లానని ఇప్పుడు ఎవరైనా అంటే కాదనను గానీ, నిజం ఇది.

రైలు అక్కకు ముందు వస్తుంది, నాకు తరువాత. నేను విరుదునగర్‌లో ఎక్కేటప్పటికి నాకు కిటికీ పక్కన చోటు ఉంచి, చేతిలో వేరుశనగ మిఠాయి పొట్లం పెట్టి, "తినండి" అంది తమిళంలో. తోడబుట్టినదాన్ని పట్టుకుని మీరు అని. మిఠాయి తిన్నాను. కోవిల్‌పట్టి మిఠాయి మీద అలగడం నా వల్ల కాదు.

అసలు తంటా విజయవాడలో దిగాక మొదలైంది. అక్కడ ఆటోవాడితో తెలుగు, హోటల్లో తెలుగు, గుడి ముందు చెప్పులకు కాపలా కూర్చున్న ముసలామెతో తెలుగు. వాళ్లు "మీదే ఊరమ్మా, మా నాయనమ్మ మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు" అంటుంటే అక్క మొహం వెలిగిపోయింది. ముక్కూ మొహం తెలియని వాళ్లందరికీ ఇంటి భాష. నావైపు తిరిగితే మాత్రం మళ్లీ తమిళం. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

అమరావతిలో స్తూపం ఉన్న చోట ఇప్పుడు గుండ్రటి దిబ్బ, చుట్టూ రాతి పలకలు, గడ్డి. అక్క ఒక ప్రదక్షిణ చేసి వచ్చి, "ఇక్కడి బొమ్మలు స్కూల్లో ఉన్నప్పుడు మద్రాసు మ్యూజియంలో చూశాం కదా" అంది, తమిళంలోనే. నువ్వు నన్ను ఇంత దూరం లాక్కొచ్చావు, బొమ్మలేమో మన దగ్గరే ఉన్నాయి అని దాని అర్థం. 

నాగార్జునకొండ నాకు నచ్చింది. ఆనకట్ట కట్టినప్పుడు లోయలోని పాత నగరమంతా నీళ్లలో పోతుందని, విహారాలనూ స్తూపాలనూ రాయి రాయిగా విప్పి కొండ మీద మళ్లీ పేర్చారట. వాటిలో చాలా వాటిని కట్టించింది రాజుగారి ఇంటి ఆడవాళ్లేనని గైడు చెప్పాడు. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే అక్క అతన్ని ఒక్క ప్రశ్న అడిగింది. "నీళ్లొచ్చేదానికి ముందే ఆ ఊర్లలో ఉండేవాళ్లకి చెప్పినారా?" చెప్పే ఉంటారన్నాడు గైడు. "సకాలంలో చెప్పినారా?" అంది. అతనికి అర్థం కాలేదు. నాకు అయింది. ఆ కొండ మీది మ్యూజియంలో గదులేవీ నేను సరిగా చూడలేదు.

మూడో రోజు లాంచీ ఎక్కాం. రెండు వైపులా నల్లమల కొండలు, మధ్యలో ఆకుపచ్చ నీళ్లు. ఇంజను మోత. ఇప్పుడు చెబుదాం, ఆ మలుపు దాటాక చెబుదాం అనుకుంటూ రెండు గంటలు గడిపాను. మా ఎదుటి బెంచీలో చిలకపచ్చ చీర కట్టిన ఒకావిడ సంచిలోంచి ఏదో ఒకటి తీసి తింటూనే ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని, అక్క వైపు వంగి అన్నాను.

"ఆ చిలకపచ్చామెని చూడక్కా. పొద్దన్నించీ నోరు ఆడతానే ఉండాది."

కోవిల్‌పట్టి బస్సుల్లో మేం సగం జిల్లాకు ఇలాగే తెలుగులో వంకలు ఎంచాం. పక్కనే కూర్చున్నా ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. ఆ అలవాటే నా కొంప ముంచింది. ఆవిడ నమలడం ఆపి నా వైపు చూసింది. తరువాత సంచి ముందుకు చాపింది. "చేగోడీలమ్మా, తీసుకోండి. నోరు ఆడకపోతే నాకు పడవలో కళ్లు తిరుగుతాయి."

చుట్టుపక్కల బెంచీలన్నీ నవ్వాయి. నాకు తల కొట్టేసినట్టయింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని కదిలిపోతూ నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, నా చెవి దగ్గరికి వచ్చి తమిళంలో అంది: "బుద్ధుందా నీకు? ఎవరినైనా తిట్టాలంటే ఇక్కడ తమిళంలో తిట్టుకోవాలి."

మూడేళ్లలో నన్ను తిట్టడం అదే మొదలు. మూడేళ్లూ మర్యాదే చేసింది. ఆ లాంచీలో మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియని భాష తమిళమే అని అప్పుడు తట్టింది. చేగోడీ చేతిలో పట్టుకుని, అదే భాషలో, ఆగకుండా చెప్పేశాను. అమ్మ పొద్దుటి నుంచీ నిన్నే అడిగింది. నాకు కుళ్లు పుట్టింది. కావాలనే ఫోన్ చేయలేదు. ఎవర్నీ అడగలేదని నీతో అబద్ధం చెప్పాను.

అక్క నా వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది.

"ఏమని అడిగింది?" అంది, ఇంకా తమిళంలోనే. "అమ్మ ఎలా అందో అలానే చెప్పు."

అమ్మ మాట తమిళంలో చెప్పడానికి లేదు. ఆమె మాతో ఎన్నడూ తమిళం మాట్లాడలేదు, చివరి రోజున కూడా. చుట్టూ అందరూ వింటారని తెలిసే చెప్పాను.

"పెద్దది వచ్చెనా, కూడు తినెనా అని అడిగె. మళ్లీ మళ్లీ అదే."

"నువ్వేమంటివి?"

"వస్తా ఉండాదిమ్మా, దోవలో ఉండాది అంటిని. అప్పటికి నీకి ఫోనే చేసి ఉండలే."

చిలకపచ్చ చీరావిడ మొహం పక్కకు తిప్పుకుంది. అక్క నా చేతి మీద ఒక్కటి వేసింది, గట్టిగా. ఇంకొకటి వేసింది. తరువాత ఆ చేతినే పట్టుకుని, అంతమందిలో, సిగ్గు లేకుండా ఏడ్చింది. ఆమె ఏమందో లాంచీలో అందరికీ అర్థమైంది.

"ఫోను లేటుగా చేస్తివనా నాకి కోపం? పోయే ముందర అమ్మకి నేను గ్యాపకమే రాలేదనుకుంటిని గదే, మూడేండ్లు."